తేలికైన గెడ: వెదురు నుంచి కార్బన్ దాకా

నల్లమల అడవి మాచర్ల వైపు దిగే చోట సాధనపు వెదురు పెరుగుతుంది. పొడినేలలో పెరిగిన గెడకు లోపల బోలు దాదాపు ఉండదు. వృక్షశాస్త్రంలో దాని పేరు డెండ్రోకాలమస్ స్ట్రిక్టస్. 19వ శతాబ్దంలో మన దేశపు అడవుల్లోని ఈ జాతి వెదురే కలకత్తా రేవులో ఓడలెక్కి ఇంగ్లండుకూ అమెరికాకూ వెళ్లింది. కలకత్తా కేన్ అని అక్కడివాళ్లు పేరు పెట్టుకున్నారు. ఫ్లై రాడ్ అనే ఆధునిక గాలపు గెడ పుట్టింది ఆ వెదురులోంచే.

మన కాలవల మీద వేసే గాలానికి ఎర బరువో, సీసపు గుండు బరువో ఉంటుంది; దారాన్ని నీళ్లలోకి లాక్కుపోయేది అదే. ఫ్లై అనేది ఈకలూ నూలూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. దానికి చెప్పుకోదగ్గ బరువు లేదు. అందుకని బరువంతా దారంలోనే పెట్టి, కొరడా ఝళిపించినట్టు ఆ దారాన్నే విసురుతారు. గెడ వంగినప్పుడు దాచుకున్న శక్తిని తిన్ననయ్యేటప్పుడు దారానికి అప్పగించాలి.

వెదురులో సత్తువ ఉన్న నార బెరడు కిందే ఒత్తుగా ఉంటుంది. అమెరికాలోని ఈస్టన్‌లో తుపాకులూ వయొలిన్లూ చేసే సామ్యూల్ ఫిలిప్పీ 1840లలో కలకత్తా కేన్‌ను బద్దలుగా చీల్చి, బెరడు బయటికి వచ్చేలా జిగురుతో అతికించాడు. 1870లలో హైరం లియొనార్డ్ ఆ బద్దల్ని కోణం తప్పకుండా కోసే యంత్రం కట్టాడు. ఆరు బద్దల గెడ అలా స్థిరపడింది. తర్వాత దక్షిణ చైనా టాంకిన్ వెదురు వచ్చి మన వెదురును పక్కకు నెట్టింది. అది తిన్నగా పెరుగుతుంది, కణుపులు ఎడంగా ఉంటాయి. 1950లో అమెరికా చైనా సరుకును ఆపేసే నాటికి ఫైబర్‌గ్లాస్ గెడలు అంగళ్లకు చేరి ఉన్నాయి. 1960లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనశాల గట్టి కార్బన్ నారను తయారుచేసింది. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ నారతో గాలపు గెడ చేసి అమ్మింది.

రింగులూ పిడీ బిగించని ఒట్టి గెడనే బ్లాంక్ అంటారు. రెజిన్ పట్టించిన కార్బన్ గుడ్డను కొలతకు కత్తిరించి, మొన వైపు సన్నబడే ఉక్కు కడ్డీకి చుట్టి, పైన టేపు బిగించి, ఓవెన్‌లో వేడిచేసి, కడ్డీని లాగేస్తారు. మిగిలే గొట్టమే బ్లాంక్. కార్బన్ నార గాజు నార కంటే తేలిక. బిగువు మాత్రం దాదాపు మూడింతలు.

బ్లాంక్ ఎంచుకునేటప్పుడు చాలామంది ముందు తూకం చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది చేప, తర్వాత దారం, ఆ తర్వాతే గెడ. దారాలకు నంబర్లుంటాయి. మొదటి 30 అడుగుల బరువు 3వ నంబరులో సుమారు 6.5 గ్రాములు, 5లో 9, 8లో 13.6. పరిగెల్లాంటి చిన్న చేపలకు 3వ నంబరు, 7 అడుగుల ఫైబర్‌గ్లాస్ బ్లాంక్ హాయిగా ఉంటుంది. నాగార్జునసాగర్ జలాశయం మీద గాలి ఎక్కువ. తిలాపియాకైనా అక్కడ 5వ నంబరు, 9 అడుగుల కార్బన్ కావాలి. బొచ్చె పడే చోట 8కి తగ్గొద్దు.

ఇక తేలిక సంగతి. పిడి దగ్గర 10 గ్రాములు పెరిగినా చేతికి తెలియదు. మొన దగ్గర ఒక్క గ్రాము పెరిగినా తెలుస్తుంది. ఊపును అడ్డుకునే గుణం దూరపు వర్గంతో పెరుగుతుంది: చేతికి 9 అడుగుల దూరంలో ఉన్న గ్రాము, 3 అడుగుల దూరంలో ఉన్న గ్రాము కంటే 9 రెట్లు అడ్డుపడుతుంది. అందుకే ఖరీదైన బ్లాంక్ కొని మొనకు బరువు రింగులు, మందపాటి వార్నిష్ వేస్తే డబ్బు దండగే. మరీ బిగువైన కార్బన్‌తో గోడ పలచగా చేసిన బ్లాంకులు రాతికి తగిలితే చిట్లుతాయి. మన రాతిగట్లకు మధ్యరకమే మేలు. రెండు బ్లాంకుల్లో ఏది బిగువో తేల్చాలంటే పిడి వైపు అడ్డంగా బిగించి, మొనకు సంచి కట్టి, గెడ పొడవులో మూడోవంతు మొన కిందికి దిగేదాకా నాణేలు వేయండి. ఎక్కువ నాణేలు పట్టిందే బిగువైనది.

వెదురుతోనే చేసుకోవాలనుకుంటే పొలంగట్టు వెదురు కొనండి, నల్లమల పులుల అభయారణ్యంలో గెడ కొట్టకండి. కార్బన్ అయితే ఇంకో మాట మరవకండి: అందులోంచి కరెంటు పారుతుంది. కాలవ గట్ల మీద మోటార్ల తీగలు ఉన్నచోట గెడ ఎత్తకండి.