పక్షవాత రోగి మంచముకడ కాపు



పొలములో కూలిన మనిషిని 108 వాహనములో వేసి పట్టణపు ఆసుపత్రికి చేర్చినతోడనే గండము గడచెనని మనవారు తలంతురు. వేగముగా చేర్చుట ముఖ్యమే. మెదడులోని నెత్తురుగడ్డను కరగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలయును. కాని ఆసుపత్రి మంచముకడ మరియొక గండము పొంచియుండును. అదియే రోగి పడిపోవుట.

హైదరాబాదులో షేక్‌పేట మండలమునకు చేరిన జూబ్లీహిల్స్‌నందు 1988లో నెలకొనిన అపోలో ఆసుపత్రికిని, పంజాగుట్టలోని నిమ్స్‌నకును పల్లెలనుండి ఇట్టి రోగులు వచ్చుచుందురు. వెంటవచ్చిన భార్యయో కుమారుడో మంచముకడ కాపుండును. ఈ వ్యాసము ముఖ్యముగా వారికొరకే.

ఏల పడుదురు?

జోడెద్దులలో ఒకటి చతికిలబడినచో బండి ఒకవైపునకు ఒరగును. ఒక కాలు, ఒక చేయి చచ్చుపడినవాని స్థితియు నట్టిదే. మెదడు కుడిభాగము చెడినవారిలో కొందరికి ఎడమప్రక్క యున్నదన్న స్పృహయే యుండదు. బలము తగ్గినదని చెప్పినను నమ్మక, నడవగలనని లేతురు. ఎడమభాగము చెడినవారిలో పలువురికి మాట పడిపోవును. మూత్రమునకు పోవలెనని చెప్పజాలక తామే మంచము దిగజూతురు. హఠాత్తుగా లేచినపుడు రక్తపుపోటు తగ్గి కన్నులు తిరుగుటయు గలదు. రాత్రివేళ చీకటియు, నిద్రమందును దీనికి తోడగును.

ఏమి చేయవలయును?

1. మంచమును క్రిందికి దింపించి, చక్రములు కదలకుండ బిగింపించుడు. నర్సును పిలుచు గంటను, నీళ్లను, కళ్లద్దములను రోగికి బలముగల చేతికి అందునట్లుంచుడు.

2. మూత్రమునకు పోవలయునాయని భోజనానంతరమును, నిద్రకు ముందును, తెల్లవారుజామునను మీరే అడుగుడు.

3. నర్సుగాని ఫిజియోథెరపిస్టుగాని నేర్పకమునుపు మీరొక్కరే లేపవలదు. లేపునపుడు పాదములు నేలకానించి, మంచపుటంచున కొంతసేపు కూర్చుండబెట్టుడు. కుర్చీని బలముగల ప్రక్క వేయుడు. నడిపించునపుడు మీరు బలహీనమైన ప్రక్క నిలిచి నడుము పట్టుకొనుడు. చచ్చుపడిన చేతిని లాగినచో భుజపుకీలు జారును.

4. తడినేలపై నడిపింపవలదు. జారు మేజోళ్లు తొడుగవలదు.

5. మంచపు కటకటాలను నమ్మి దూరముగా పోవలదు. తికమకపడిన రోగి వానిని దాటబోయి మరింత ఎత్తునుండి పడును. చేతులు కట్టివేయుటయు ఉపాయము కాదు. మీరు టీకి పోవలసివచ్చినను నర్సుకు చెప్పి పొండు.

పడుటకు అవకాశము హెచ్చుగానున్న రోగిని గుర్తించుటకు జానిస్ మోర్స్ అను నర్సింగు విద్వాంసురాలు 1989లో ఒక కొలమానమును ప్రకటించెను. మునుపు పడియుండెనా, నడక యెట్లున్నది, తన బలమును తానెరుగునా మొదలగు ఆరంశములకు అందు మార్కులు వేయుదురు. కొన్ని ఆసుపత్రులలో ఇట్టి రోగి మణికట్టునకు పసుపుపచ్చని పట్టీ కట్టుదురు. దానిని అలంకారమని తలపక హెచ్చరికగా గ్రహింపుడు.

పడినయెడల

గబగబ లేవనెత్తక మొదట నర్సును పిలువుడు. చీవాట్లు పెట్టుదురను భయముచే కొందరు ఆ సంగతిని దాచుదురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. నెత్తురు గడ్డకట్టకుండ మందు పుచ్చుకొను రోగికి తల తగిలినచో, పైకి గాయము లేకున్నను లోపల రక్తము స్రవింపవచ్చును. అట్టి స్థితిలో ఆలస్యము ప్రాణమునే హరింపవచ్చును. తుంటియెముక విరిగినచో మరల శస్త్రచికిత్స, మరల మంచము, మరల అప్పు.

కళ్లమున ధాన్యమున్న రాత్రి మనము వంతులు వేసికొని కాపుందుము. ఆసుపత్రిలో మాత్రము ఒక్క ఆడుమనిషిని పదిరాత్రులు మేలుకొని యుండుమనుట న్యాయమా? బంధువులు వంతులవారీగా పోయి కూర్చుండుడు. రోగికి అదియే నిజమైన సహకారము.