గ్రెగ్ ఓడెన్

గ్రెగ్ ఓడెన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన మాజీ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. ఇతడు 1988 జనవరి 22న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో జన్మించాడు. 7 అడుగుల (213 సెం.మీ.) ఎత్తు గల ఇతడు సెంటర్ స్థానంలో ఆడేవాడు. 2007లో నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (ఎన్.బి.ఏ.) డ్రాఫ్టులో మొట్టమొదటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. రాబోయే కాలమంతా ఇతడిదేనని ఆనాడు చాలామంది భావించారు. కాని మోకాళ్ళ గాయాల వలన ఎన్.బి.ఏ.లో మొత్తం 105 ఆటలు మాత్రమే ఆడగలిగాడు. యువ క్రీడాకారుల భవిష్యత్తును అంచనా వేయడం ఎంత కష్టమో తెలిపే ఉదాహరణగా ఇతడి పేరును తరచు ప్రస్తావిస్తారు.

సెంటర్ స్థానం ప్రాముఖ్యం

బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్క జట్టు నుండి ఐదుగురు ఆడతారు. వారిలో సాధారణంగా అందరికంటె పొడవైనవాడు సెంటర్. బుట్ట నేల నుండి 10 అడుగుల (3.05 మీ.) ఎత్తున ఉంటుంది. దాని సమీపంలో నిలిచి ప్రత్యర్థుల షాట్లను అడ్డుకొనడం, గురి తప్పి వెనుకకు వచ్చిన బంతిని (రీబౌండ్) అందుకొనడం, దగ్గర నుండి పాయింట్లు సాధించడం సెంటర్ ముఖ్య విధులు. బిల్ రస్సెల్, కరీం అబ్దుల్ జబ్బార్, షకీల్ ఓనీల్ వంటి సెంటర్లు తమ జట్లకు అనేక విజేతృత్వాలు సంపాదించి పెట్టారు. అందువలననే చురుకుదనం కల పొడవైన యువకుడు కనిపించినపుడు జట్లు అతడిపై పెద్ద ఆశలు పెట్టుకొంటాయి.

విద్యాభ్యాసం, కళాశాల ఆట

ఓడెన్ ఇండియానా రాష్ట్రంలో పెరిగాడు. ఇండియానాపొలిస్‌లోని లారెన్స్ నార్త్ ఉన్నత పాఠశాల జట్టు 2004, 2005, 2006 సంవత్సరాలలో వరుసగా మూడు సార్లు రాష్ట్ర విజేతగా నిలిచింది. ఆ జట్టులో ఇతడి సహచరుడైన మైక్ కాన్లీ కూడా తరువాత ఎన్.బి.ఏ. క్రీడాకారుడయ్యాడు.

అంతకు ముందు ఉన్నత పాఠశాల నుండి నేరుగా ఎన్.బి.ఏ.లో చేరే అవకాశం ఉండేది. 2004లో ప్రథముడిగా ఎంపికైన సెంటర్ డ్వైట్ హోవర్డ్ అలా వచ్చినవాడే. 2006 డ్రాఫ్టు నుండి అమెరికా విద్యార్థులు పాఠశాల చదువు ముగిసిన పిదప కనీసం ఒక సంవత్సరం ఆగవలెనన్న నియమం వచ్చింది. ఆ కారణంగా ఓడెన్ ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరగడం వలన 2006 చివరిలో ఎడమ చేతితో ఫ్రీ త్రోలు వేస్తూ ఆటను ఆరంభించాడు. 2007 ఏప్రిల్‌లో జరిగిన జాతీయ కళాశాలల అంతిమ పోటీలో ఫ్లోరిడా చేతిలో ఒహాయో స్టేట్ 84-75 తేడాతో ఓడిపోయింది. అయినను ఆ ఆటలో ఓడెన్ 25 పాయింట్లు, 12 రీబౌండ్లు సాధించాడు.

2007 డ్రాఫ్టు

కొత్త క్రీడాకారులను జట్లు వంతులవారీగా ఎంచుకొనే పద్ధతిని డ్రాఫ్టు అంటారు. క్రితం సీజన్‌లో వెనుకబడిన జట్ల మధ్య లాటరీ వేసి మొదటి వంతులను నిర్ణయిస్తారు. 2007లో పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ జట్టుకు 5.3 శాతం అవకాశమే ఉన్నప్పటికీ మొదటి వంతు దానికే లభించింది. ఆ జట్టు ఓడెన్‌ను ఎంచుకొన్నది. రెండవ వంతు పొందిన సియాటిల్ సూపర్‌సోనిక్స్ టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ డ్యురాంట్‌ను తీసుకొన్నది. డ్యురాంట్ 2014లో సీజన్ అత్యుత్తమ క్రీడాకారుడిగా ఎన్నికయ్యాడు. దీనితో పోర్ట్‌లాండ్ నిర్ణయం విమర్శలకు గురి అయినది. కాని 2007 నాటికి తెలిసిన విషయాలను బట్టి ఆ ఎంపిక అసమంజసమైనది కాదు.

గాయాలు

2007 సెప్టెంబరులో, ఒక్క ఆట కూడా ఆడకముందే, ఓడెన్ కుడి మోకాలికి మైక్రోఫ్రాక్చర్ అనే శస్త్రచికిత్స జరిగింది. మోకాలి కీలులో ఎముకల చివర నున్నని మృదులాస్థి ఉంటుంది. అది దెబ్బతిన్నచోట ఎముకకు సన్నని రంధ్రాలు చేస్తారు. వాటి నుండి వెలువడిన రక్తం గడ్డకట్టి క్రమంగా కొత్త పొర ఏర్పడుతుంది. అయితే ఈ పొర సహజమైన మృదులాస్థి అంత గట్టిది కాదు. భారీ శరీరంతో పదే పదే ఎగిరి దిగే సెంటర్‌కు ఇది పెద్ద పరీక్ష.

ఈ కారణంగా 2007-08 సీజన్ మొత్తం పోయింది. 2008 అక్టోబరు 28న లాస్ ఏంజెలెస్ లేకర్స్‌పై ఆడిన మొదటి ఆటలోనే పాదానికి గాయమైంది. 2009 డిసెంబరు 5న హ్యూస్టన్‌తో ఆడుతూ షాట్‌ను అడ్డుకొనబోయినపుడు ఎడమ మోకాలి చిప్ప విరిగింది. 2010 నవంబరులోను, 2012 ఫిబ్రవరిలోను ఎడమ మోకాలికి మైక్రోఫ్రాక్చర్ చేయవలసి వచ్చింది. 2012 మార్చిలో పోర్ట్‌లాండ్ ఇతడిని వదులుకొన్నది. ఐదు సీజన్లలో ఆ జట్టు కొరకు ఇతడు ఆడినవి 82 ఆటలు. ఎన్.బి.ఏ.లో ఒక్క పూర్తి సీజన్‌కు ఒక జట్టు ఆడే ఆటల సంఖ్య కూడా అంతే.

ఆడిన ఆటలలో ప్రతిభ

గాయాలను మాత్రమే చూచినవారు ఓడెన్‌కు ప్రతిభ లేదని పొరబడే అవకాశం ఉంది. 2008-09లో ఇతడు 61 ఆటలలో సగటున 8.9 పాయింట్లు, 7 రీబౌండ్లు సాధించాడు. ఆ సీజన్‌లో పోర్ట్‌లాండ్ 54 ఆటలు గెలిచింది. 2009-10లో ఆడిన 21 ఆటలలో సగటు 11.1 పాయింట్లకు, 8.5 రీబౌండ్లకు పెరిగింది. వేసిన షాట్లలో 60 శాతానికి పైగా బుట్టలో పడ్డాయి. ఆటకు 2.3 షాట్లను అడ్డుకొన్నాడు. ఇవన్నీ ఆటకు సుమారు 24 నిమిషాలలో సాధించినవి. ఇదే వేగంతో 36 నిమిషాలు ఆడితే దాదాపు 17 పాయింట్లు, 13 రీబౌండ్లు అవుతాయి. ఇతడి ప్రధాన లోపం ఫౌళ్ళు ఎక్కువగా చేయడం. యువ సెంటర్లలో ఇది సాధారణమైన లోపమే, అనుభవంతో తగ్గుతుంది. అంటే ప్రతిభ విషయంలో అంచనా తప్పలేదు. అంచనాకు అందనిది శరీరం ఓర్చుకొనే శక్తి.

ఇతర సెంటర్లతో పోలిక

పోర్ట్‌లాండ్ జట్టుకు ఇది కొత్త అనుభవం కాదు. 1974లో ప్రథముడిగా ఎంపికైన బిల్ వాల్టన్ 1977లో ఆ జట్టును విజేతగా నిలిపినా, పాదాల గాయాలు అతడి ఆటను కుదించాయి. 1984లో ఆ జట్టు మైకేల్ జోర్డాన్ కంటె ముందు ఎంచుకొన్న శామ్ బౌవీ కూడా కాళ్ళ గాయాలతో బాధపడ్డాడు. చైనాకు చెందిన యావ్ మింగ్ గాయాల వలన 2011లో విరమించాడు.

దీనికి భిన్నమైన ఉదాహరణలు కూడా కలవు. 2005లో మైక్రోఫ్రాక్చర్ చేయించుకొన్న అమారే స్టౌడమైర్ 2006-07లో మరల అగ్రశ్రేణి ఆటగాడయ్యాడు. 2014లో ఎంపికైన జోయెల్ ఎంబీడ్ గాయాలతో మొదటి రెండు సీజన్లు ఆడలేకపోయినా, 2023లో అత్యుత్తమ క్రీడాకారుడి పురస్కారం పొందాడు. కనుక గాయాన్ని బట్టి మాత్రమే భవిష్యత్తును నిర్ణయించడం సాధ్యం కాదు.

తరువాతి జీవితం

నాలుగు సంవత్సరాల విరామం తరువాత, 2014 జనవరిలో ఓడెన్ మయామీ హీట్ తరఫున మరల బరిలో దిగి 23 ఆటలు ఆడాడు. 2015-16లో చైనాలో ఆడి, 2016లో ఆట నుండి విరమించాడు. తనను ఎన్.బి.ఏ. చరిత్రలో విఫలమైన ఎంపికగానే గుర్తుంచుకొంటారని ఆ సంవత్సరమే నిర్మొహమాటంగా చెప్పాడు. తరువాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్ళి, మధ్యలో విడిచిన చదువును కొనసాగించి 2019లో పట్టభద్రుడయ్యాడు. 2022లో తన పూర్వపు శిక్షకుడు థాడ్ మట్టా వద్ద బట్లర్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ విభాగంలో నిర్వహణ బాధ్యతలు స్వీకరించాడు.