గాలిలో రెల్లు

శరదృతువు ప్రవేశింపగానే గోదావరి లంకలలో రెల్లు పూచును. ఆ తెల్లని వెన్నులు నిశ్చలముగా నిలిచియుండుట అరుదు. అయినను వృక్షశాస్త్ర గ్రంథములోని బొమ్మను చూచిన విద్యార్థికి రెల్లు నిట్టనిలువు కాడ మాత్రమే. ఛాయాచిత్రకారులు సైతము గాలి ఆగువరకు వేచియుందురు. కొందరు కాడకు పుల్ల కట్టి మరీ కదలకుండ చేయుదురు. మొక్కను గుర్తించుటకు ఆ చిత్రము చాలును. కాని రెల్లు పుప్పొడిని మోయునది గాలియే. పట్టువంటి నూగుతోకూడిన విత్తనమును ఎగురవేయునదియు గాలియే. గాలిని తొలగించి తీసిన బొమ్మలో రెల్లు బ్రతుకు సగము లేనట్లే.

గాలిని చిత్రములోనికి తెచ్చుటకు రెండు మార్గములు కలవు. కెమేరా కన్నును రెండు మూడు సెకనులు తెరచియుంచుట మొదటిది. అప్పుడు కాడ కదలిన మేరయంతయు పొగవలె అలుముకొనును; కాడ యేదో ఆకు యేదో తెలియదు. కెమేరాను స్టాండుపై కదలకుండ నిలిపి, ఒకే ఫిల్ముముక్కపై క్షణకాలపు చిత్రములను పలుమారులు తీయుట రెండవది.

ఈ రెండవ మార్గమున నడచిన తొలితరమువారిలో ముఖ్యుడు ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే (1830–1904). పక్షుల ఎగురుటను పరిశీలించుటకై ఆయన 1882లో సెకనుకు 12 చిత్రములు తీయు తుపాకివంటి కెమేరాను నిర్మించెను. అటుపిమ్మట నల్లని తెర యెదుట నడచు మనుష్యుని, చీలికలుగల చక్రము గుండ, ఒకే గాజుపలకపై వరుసగా పట్టెను. చిక్కు వెంటనే వచ్చిపడెను: బొమ్మలు ఒకదానిపై నొకటి పడి కలగాపులగమైనవి. ఆయన పరిష్కారము వింతయైనది. మనిషికి ఆపాదమస్తకము నల్లని దుస్తులు తొడిగి, కాలుసేతుల వెంబడి తెల్లని గీతలు మాత్రము అమర్చెను. మనిషి మాయమై నడక మాత్రము పలకపై మిగిలెను.

రెల్లుకాడకు ఆ వేషము అక్కరలేదు. అది పుట్టుకతోనే గీత.

ఇక వెలుతురు లెక్క. ఒక్క చిత్రమునకు సెకనులో 60వ వంతు కాలము చాలుననుకొన్నచో, ఎనిమిది చిత్రములకు ఒక్కొక్కదానికి సుమారు 500వ వంతు చొప్పున ఈయవలెను. ఈ పంపకమును కొన్ని డిజిటల్ కెమేరాలు తామే చేసికొనును. వెనుకభాగము మాత్రము చీకటిగా నుండవలెను. తెల్లని ఆకాశము వెనుకనున్నచో, కాడ తొలగిన ప్రతిసారియు ఆ చోట ఆకాశపు వెలుగు పడి కాడ గుర్తును తుడిచివేయును. మారే నల్లతెర రహస్యమిదియే. లంకలో తెర కట్టనక్కరలేదు. నీడపట్టున నున్న చెట్లగుంపు చాలును.

ఇట్టి చిత్రములో మొదలు స్పష్టముగా నుండును. పైకి పోనుపోను కాడ విసనకఱ్ఱవలె విచ్చుకొనును. ఆ విసనకఱ్ఱ మధ్య పలుచగను, అంచులయందు దట్టముగను ఉండుటకు కారణము పదార్థవిజ్ఞానము చదివినవారికి తెలియును. కాడ లోలకమువలె ఊగినంత వరకు, ఊపులోని మధ్య సగమును దాటుటకు పట్టునది మూడవ వంతు కాలమే. తక్కిన కాలమంతయు చివరల చెంతనే గడచును. కావున ఎనిమిది చిత్రములలో అయిదారు అక్కడనే పడును. నిజమైన గాలి అంత సమముగా వీచదు; గాలి పోవు వైపునకు బరువు మొగ్గును. ఆ మొగ్గే గాలి దిక్కు.

ఏ క్షణముననైనను రెల్లు ఇట్లు కనబడలేదు గదా, ఇది కల్పన కాదా యని ఆక్షేపింపవచ్చును. చిత్రములోని ప్రతి కాడయు ఒక క్షణమున అచ్చటనే ఉన్నది. పోయినది వరుస యొక్కటే: ఏది ముందో ఏది వెనుకో ఈ బొమ్మ చెప్పదు. నిశ్చలచిత్రము దాచిన దానికన్న ఇది దాచినది తక్కువ.

అన్ని మొక్కలకు ఈ ఉపాయము పనికిరాదు. అమరకోశము చలదళమని పేర్కొన్న రావిని ఇట్లు పట్టబోయినచో, వెడల్పాటి ఆకులు ఒకదానిపై నొకటి పడి మారేకు కలిగిన చిక్కే తిరిగి వచ్చును. అచ్చట రెండు మూడు చిత్రములతో ఆగుట మేలు.