గోరంత తేడా... పసివాడికి కొండంత చేటు

జీడిమెట్ల: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పట్టీ అది. చూడ్డానికి దర్జీ టేపులా ఉంటుంది. పసివాడి దండచేతికి చుడితే చాలు, వాడి ఒంట్లో కండ ఏపాటిదో చెప్పేస్తుంది. అయితే చుట్టే చేతికి పని తెలిసి ఉండాలి. కాస్త బిగిస్తే బాగున్న బిడ్డ చిక్కిపోయినవారి జాబితాకెక్కుతాడు. కాస్త వదులైతే నిజంగా చిక్కిపోయిన బిడ్డ ఎవరి కంటా పడకుండా పోతాడు.

పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న షాపూర్‌నగర్, చింతల్, సూరారం, గాజులరామారం బస్తీల్లో ఈ పట్టీకి చాలా పనుంది. పొట్ట చేతపట్టుకొని ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. తల్లీ తండ్రీ షిఫ్టుకు పోతే పిల్లలు ఇరుగుపొరుగు చేతుల్లోనో, అంగన్‌వాడీలోనో ఉంటారు. బిడ్డ తగ్గుతున్నాడని ముందుగా పసిగట్టాల్సింది ఆ అంగన్‌వాడీ టీచరే. ఆమె చేతిలో ఉన్నవి తూకం, ఎత్తు కొలిచే బల్ల, ఈ పట్టీ మాత్రమే.

కూనూరు నుంచి తార్నాకకు

బతికున్న మనిషిని కోయకుండా, నొప్పించకుండా కొలిచి ఆరోగ్యం తెలుసుకోవడం ఒక శాస్త్రం. దానికి పెద్దబడి మన నగరంలోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో పుట్టింది. బెరిబెరి జబ్బు గుట్టు తేల్చడానికి మెకారిసన్ అనే వైద్యుడు దాన్ని ప్రారంభించాడు. 1958లో సంస్థ హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. డాక్టర్ సి. గోపాలన్ సారథ్యంలో ఇక్కడ పసిపిల్లల పోషకాహార లోపంపై జరిగిన పరిశోధనలు ప్రపంచం దృష్టికి వచ్చాయి.

1972లో ఈ సంస్థ ఆధ్వర్యంలోనే జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ఏర్పడింది. రాష్ట్రాల్లో ఊరూరా తిరిగి జనం తిండినీ, ఒంటినీ కొలవడం దాని పనిగా ఉండేది. ఒకచోట ఒకరకంగా, మరోచోట మరోరకంగా కొలిస్తే లెక్కలకు విలువ ఉండదు. అందుకే పనిలోకి దిగేముందు సిబ్బంది అంతా ఒకే పద్ధతి నేర్చుకోవాల్సి వచ్చేది.

చేయి వంచాలి... చేయి వదలాలి

చూడ్డానికి తేలికే. నేర్చుకుంటే గాని కష్టం తెలియదు. ముందు బిడ్డ ఎడమ చేతిని మోచేతి దగ్గర మడవాలి. భుజం ఎముక కొసకూ, మోచేతి కొసకూ సరిగ్గా మధ్య గుర్తు పెట్టాలి. ఆ తర్వాత చేతిని వదులుగా వేలాడనిచ్చి, గుర్తు మీద పట్టీ చుట్టాలి. చర్మం నొక్కుకుపోకూడదు, సందు ఉండకూడదు. ఆరు నెలలు నిండి అయిదేళ్లు నిండని బిడ్డకు చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల లోపుంటే జాగ్రత్త పడాలి. 11.5 లోపుంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టే.

ఎత్తుకూ నియమాలున్నాయి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, ఆపైన నిలబెట్టి కొలవాలి. ఒకే బిడ్డ పడుకుంటే నిలబడినప్పటికన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు పొడవుగా తేలతాడు. మడమలు, పిరుదులు, భుజాలు బల్లకు ఆనాలి. చూపు నేరుగా ఉండాలి. అంకె చదివేవారి కన్ను అంకెకు ఎదురుగా ఉండాలి.

వయసు చెప్పేదెవరు?

అసలు చిక్కు వయసు దగ్గరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం రెండేళ్లు నిండిన మగపిల్లాడు నిలబడి కనీసం 81 సెంటీమీటర్లు ఉండాలి. 27 నెలల వాడైతే 83 ఉండాలి. ఇప్పుడు 82 సెంటీమీటర్ల పిల్లాడొకడు వచ్చాడనుకోండి. వాడికి రెండేళ్లయితే ఫర్వాలేదు. మరో మూడు నెలలు ఎక్కువైతే గిడసబారినవాడే!

పుట్టిన తేదీ కాగితం వెంట తెచ్చుకోని తల్లిని పండుగల మీద అడగాలి. బోనాలకు ముందా, తర్వాతా? సంక్రాంతికి బిడ్డ కడుపులో ఉన్నాడా, ఒడిలో ఉన్నాడా? ఒడిశా తల్లినయితే రథయాత్ర గురించి, బీహారు తల్లినయితే ఛఠ్ పూజ గురించి అడగాలి. ఆ బస్తీవాసుల పండుగలు తెలియనివారు ఆ బిడ్డల వయసూ తెలుసుకోలేరు.

తూకాన్ని మోసగించే వాపు

తూకం కూడా ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. మాంసకృత్తులు, శక్తి చాలని కొందరు పిల్లలకు ఒంట్లో నీరు చేరుతుంది. బరువు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బుగ్గలు నిండుగా ఉంటాయి. బిడ్డ ఒళ్లు చేశాడని తల్లి సంబరపడుతుంది. రెండు పాదాల మీదా బొటనవేలితో కాసేపు నొక్కి వదలాలి. గుంట అలాగే నిలిచిపోతే పట్టీతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలసిందే.

రెండుసార్లు కొలవాలి

కొలవడం వచ్చిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. నేర్చుకునేవారంతా అదే పదిమంది పిల్లలను రెండేసి సార్లు కొలుస్తారు. మొదటి అంకె చూడకుండా రెండోసారి కొలవాలి. ఆ తర్వాత తమ అంకెలను ఒకదానితో ఒకటీ, ఆరితేరినవారి అంకెలతోనూ పోల్చుకుంటారు. తేడా ఎక్కువుంటే మళ్లీ మొదటికే. ఢిల్లీతో సహా ఆరు దేశాల్లో 1997 నుంచి 2003 దాకా సాగిన పెద్ద సర్వేలో ఇద్దరేసి విడివిడిగా కొలిచారు. ఎత్తులో 7 మిల్లీమీటర్లు, తూకంలో 100 గ్రాములు మించి తేడా వస్తే ఇద్దరూ మళ్లీ కొలవాల్సిందే. పైన చెప్పిన ప్రమాణాలు పుట్టింది ఆ సర్వే నుంచే.

అంతటి శాస్త్రజ్ఞులే తమ చేతిని తాము అనుమానించుకున్నారు. ఏడుస్తూ కాళ్లు తన్నే బిడ్డను, గది నిండా పిల్లల గోల మధ్య, ఒంటిచేత్తో కొలిచే టీచరుకు పొరపాటు రావడంలో వింత లేదు. ఎత్తు కొలిచేటప్పుడు రెండో మనిషి సాయం తప్పనిసరి. తల్లి పక్కనుండి బిడ్డ మోకాళ్లు పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కొలత మందు కాదు, కడుపూ నింపదు. కాని బాలామృతం ఎవరికి సరిపోతుందో, ఆసుపత్రి మంచం ఎవరికి కావాలో చెప్పేది ఆ అంకే. ఆ అంకె ఎంతో టీచరును అడిగి తెలుసుకునే హక్కు ప్రతి తల్లికీ ఉంది. కిందటి నెల కన్నా పెరిగిందా, తగ్గిందా అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుందని తెలిసిన చేయి, పట్టీని మరింత జాగ్రత్తగా చుడుతుంది.