మందుకు లొంగనితనం: బ్యాక్టీరియా నుండి క్యాన్సర్ కణం వరకు

సారాంశం

యాంటీబయాటిక్ మందులకు బ్యాక్టీరియా లొంగకపోవడం, కీమోథెరపీ మందులకు క్యాన్సర్ కణాలు లొంగకపోవడం వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి. ఈ రెండింటి వెనుక పనిచేసేది ఒకే ప్రక్రియ: ఉత్పరివర్తనం, దానిపై జరిగే వరణం. యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వం వహించిన పరిశోధనల నేపథ్యంలో ఈ ప్రక్రియను వివరించడం, రెండింటి మధ్య గల పోలికలనూ ముఖ్యమైన భేదాన్నీ చూపడం, ‘నిరోధకత’ అనే పదం తెలుగు పాఠకునిలో కలిగిస్తున్న సందిగ్ధతను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: యాంటీబయాటిక్, నిరోధకత, ఉత్పరివర్తనం, వరణం, క్యాన్సర్, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం

మందులకు లొంగని బ్యాక్టీరియా 2021లో ప్రపంచవ్యాప్తంగా 11.4 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని 2024లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పరిస్థితి ఇలాగే కొనసాగితే 2025 నుండి 2050 వరకు 3.9 కోట్ల మంది ఈ కారణంగా మరణించవచ్చని అదే అధ్యయనం పేర్కొంది. ఇంత పెద్ద సమస్యను తెలుగులో ‘యాంటీబయాటిక్ నిరోధకత’ అంటున్నాం. వార్తాపత్రికలలో, పాఠ్యపుస్తకాలలో, ప్రభుత్వ ప్రకటనలలో ఈ మాటే స్థిరపడింది.

అయితే తెలుగు పాఠకునికి ‘నిరోధక’ శబ్దం మరొక సందర్భంలో చిరపరిచితం. ‘రోగనిరోధక శక్తి’ మన శరీరానికి ఉండవలసిన సుగుణం. ‘వ్యాధి నిరోధక టీకా’ మేలు చేసేది. తెగుళ్ళను తట్టుకొనే వరి వంగడాన్ని కూడా ‘నిరోధక వంగడం’ అంటాం. ఈ వాడుకలన్నింటిలో నిరోధకత మన పక్షాన ఉన్నది. ‘యాంటీబయాటిక్ నిరోధకత’లో మాత్రం అది శత్రుపక్షానిది. ఈ తేడాను సమాసం స్వయంగా చెప్పదు. ఫలితంగా నిరోధకత శరీరానికి వచ్చిందని, మందు ఒంటికి ‘అలవాటు పడిపోయింద’ని భావించడం సహజమవుతున్నది. ఈ భావన ఎందుకు సరికాదో తెలియాలంటే మందుకు లొంగనితనం ఎలా పుడుతుందో ముందుగా చూడాలి.

2. ఒకే ప్రయోగశాల, రెండు మార్గాలు

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆ సంస్థ నుండి వెలువడిన రెండు ఫలితాలు ఈ వ్యాసానికి ముఖ్యమైనవి.

మొదటిది ఫోలిక్ ఆమ్లానికి సంబంధించినది. కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్ఏ తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. లెడర్లీ బృందం ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ తరువాత రూపంలో దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా రూపొందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ తీవ్రమైన లుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించారు. దీని సోదర పదార్థమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

రెండవది ఆరియోమైసిన్. మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డగ్గర్ వేరుచేసిన ఈ యాంటీబయాటిక్ టెట్రాసైక్లిన్ తరగతిలో మొట్టమొదటిది. ఇది కూడా 1948లోనే లోకానికి వెల్లడైంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఈ రెండు మందులూ తొలి విజయాల తరువాత ఒకే సమస్యను ఎదుర్కొన్నాయి. ఫార్బర్ చికిత్స చేసిన పిల్లలలో ఉపశమనం తాత్కాలికమే అయింది. కొన్ని నెలలకు వ్యాధి తిరగబెట్టింది. ఆరియోమైసిన్‌కు లొంగని బ్యాక్టీరియా కూడా ఆసుపత్రులలో కనిపించసాగింది.

3. లొంగనితనం ఎవరిది? ఎప్పుడు పుడుతుంది?

మందు తగిలిన తరువాత దానిని చూసి బ్యాక్టీరియా మారుతుందా? లేక మారిన బ్యాక్టీరియా ముందే ఉండగా మందు దానిని మిగిల్చి తక్కిన వాటిని చంపుతుందా? ఈ ప్రశ్నకు 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ చక్కని సమాధానం కనుగొన్నారు. వారు వాడినది మందు కాదు, బ్యాక్టీరియాను చంపే వైరస్. తర్కం మాత్రం మందుకూ వర్తిస్తుంది.

ఒకే రకమైన బ్యాక్టీరియాను అనేక గొట్టాలలో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టంలోని బ్యాక్టీరియాను వైరస్‌కు గురిచేశారు. వైరస్ తగిలాకే మార్పు వస్తున్నట్లయితే ప్రతి గొట్టంలోనూ బతికి బయటపడేవి ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉండాలి. మార్పు ముందే యాదృచ్ఛికంగా జరుగుతున్నట్లయితే సంఖ్యలలో విపరీతమైన తేడా ఉండాలి. ఎందుకంటే ఒక గొట్టంలో మార్పు తొలి తరాలలోనే జరిగి దాని సంతతి విస్తరించి ఉంటుంది. మరొక గొట్టంలో చివరి తరంలో జరిగి ఉంటుంది. ఇంకొక గొట్టంలో అసలే జరగకపోవచ్చు. ప్రయోగంలో కనిపించినది ఈ విపరీతమైన తేడాయే. కనుక లొంగనితనం ముందుగా యాదృచ్ఛిక ఉత్పరివర్తనంగా పుడుతుంది. ఆపైన శత్రువు తాకిడి దానిని ఎంపిక చేస్తుంది.

1952లో లాయిడ్ లా ఇదే పరీక్షను ఎలుకల లుకేమియా కణాలకు అన్వయించారు. ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందులకు లొంగని క్యాన్సర్ కణాలు కూడా మందు తగలకముందే యాదృచ్ఛికంగా పుట్టి ఉంటాయని చూపారు. బ్యాక్టీరియా కోసం రూపొందిన తర్కం క్యాన్సర్‌కు సరిపోయింది. కోట్ల సంఖ్యలో విభజన చెందే కణాల సమూహం, వాటి మధ్య చిన్న చిన్న జన్యు భేదాలు, పైనుండి మందు తాకిడి: ఈ మూడూ ఉన్నచోట ఫలితం ఒకటే.

దీనిని బట్టి రెండు అపోహలు తొలగుతాయి. మారేది శరీరం కాదు, సూక్ష్మజీవి లేదా క్యాన్సర్ కణం. అది కూడా మందును చూసి నేర్చుకొని మారదు. అంతకుముందే మారి ఉన్నది మందు వలన మిగిలి, విస్తరిస్తుంది.

4. లొంగకుండా ఉండే ఉపాయాలు

జన్యు మార్పు కణానికి ఎటువంటి రక్షణ ఇస్తుందో చూస్తే పోలిక మరింత స్పష్టమవుతుంది.

మొదటి ఉపాయం మందును విచ్ఛిన్నం చేయడం. పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ బ్యాక్టీరియాలో ఉన్నట్లు అబ్రహామ్, చెయిన్ 1940లోనే గుర్తించారు. అప్పటికి పెన్సిలిన్‌తో రోగులకు చికిత్స ఇంకా మొదలుకాలేదు. లొంగనితనం మందు కంటె ముందే ఉండగలదనడానికి ఇది చక్కని సాక్ష్యం.

రెండవది మందును బయటకు తోడివేయడం. బ్యాక్టీరియా పొరలో ఇటువంటి ప్రోటీన్ పంపులు ఉంటాయి. క్యాన్సర్ కణాల పొరలో ఇదే పని చేసే ‘పి-గ్లైకోప్రోటీన్’ను 1976లో గుర్తించారు. ఒకే పంపు అనేక రకాల మందులను తోడివేయగలదు కాబట్టి ఒక మందుకు లొంగని కణితి మరికొన్నింటికీ లొంగకుండా పోతుంది.

మూడవది లక్ష్యాన్ని మార్చడం లేదా పెంచడం. మెథోట్రెక్సేట్ అడ్డగించే ఎంజైమ్ పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. బ్యాక్టీరియాలో ఇదే ఎంజైమ్‌ను ట్రైమెథోప్రిమ్ అనే మందు అడ్డగిస్తుంది. మెథోట్రెక్సేట్‌కు లొంగని కణాలలో ఈ ఎంజైమ్ జన్యువుకు అనేక నకళ్ళు ఏర్పడతాయని 1978లో రాబర్ట్ షిమ్కే బృందం చూపింది. లక్ష్యాల సంఖ్య పెరిగిపోతే మందు చాలదు. ట్రైమెథోప్రిమ్‌కు లొంగని బ్యాక్టీరియాలో ఈ ఎంజైమ్ అధికంగా తయారవడమో, మందు అంటుకోని మారురూపంలో ఉండడమో కనిపిస్తుంది.

అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. క్యాన్సర్ కణం నేర్పు దాని సంతతికే పరిమితం; ఆ రోగితోనే అంతమవుతుంది. బ్యాక్టీరియా అలా కాదు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ద్వారా లొంగనితనపు జన్యువులను పక్కనున్న బ్యాక్టీరియాకు, వేరే జాతి బ్యాక్టీరియాకు సైతం అందించగలదు. రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా నుండి పేగులలో సహజంగా ఉండే ఈ-కోలైకు పలు మందులకు లొంగనితనం ఒకేసారి బదిలీ అవుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 1959లో కనుగొన్నారు. కాబట్టి క్యాన్సర్‌లో లొంగనితనం ఒక వ్యక్తి కష్టం. బ్యాక్టీరియాలో అది సమాజమంతటి కష్టం.

5. ఎంపిక జరిగే చోట్లు

మందు ఎక్కడ ఉంటే అక్కడ ఎంపిక జరుగుతుంది. దీనికి ఆసుపత్రి ఒక్కటే వేదిక కాదు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థాన్ని కోడిపిల్లలకు మేపితే అవి త్వరగా పెరుగుతాయని లెడర్లీలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ గమనించి 1950లో ప్రకటించారు. అప్పటి నుండి జబ్బు లేని పశుపక్ష్యాదులకు దాణాలో స్వల్ప మోతాదులో యాంటీబయాటిక్స్ కలపడం ప్రపంచమంతటా వ్యాపించింది. యూరోపియన్ యూనియన్ 2006లో ఈ పద్ధతిని పూర్తిగా నిషేధించింది. భారత ప్రభుత్వం 2019లో చివరి అస్త్రంగా భావించే కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు, కోళ్ళకు, జలచరాల పెంపకానికి వాడకుండా నిషేధించింది.

మరొక వేదిక మనకు దగ్గరిది. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు ప్రాంతంలో సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. శుద్ధి అయిన తరువాత కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో ప్రకటించారు. చికిత్సలో రోగి రక్తంలో ఉండే స్థాయి కంటె ఇది ఎక్కువ. ఇటువంటి నీటిలో బతికేది మందుకు లొంగని బ్యాక్టీరియాయే.

6. చికిత్సలో పర్యవసానాలు

లొంగనితనం వరణ ఫలితమని తెలిస్తే చికిత్సా విధానం మారుతుంది. ఒక మందుకు లొంగని కణం 10 లక్షలలో ఒకటి ఉందనుకొందాం. మరొక మందుకు లొంగనిది కూడా అంతే అనుకొందాం. రెండింటికీ లొంగనిది లక్ష కోట్లలో ఒకటి మాత్రమే అవుతుంది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు తిరగబెట్టిన వ్యాధి, 1950 ప్రాంతంలో దానికి మరొక మందు జోడించాక లొంగింది. ఈ అనుభవాన్ని ఆదర్శంగా తీసుకొని 1960ల తొలినాళ్ళలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ బాలల లుకేమియాకు నాలుగు మందులను కలిపి ఇచ్చారు. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. తాత్కాలిక ఉపశమనం శాశ్వత నివారణగా మారడానికి అది పునాది వేసింది.

బ్యాక్టీరియాకూ క్యాన్సర్‌కూ నేరు సంబంధం కూడా ఉన్నది. బారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించిన హెలికోబాక్టర్ పైలోరీని జీర్ణాశయ క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో వర్గీకరించింది. ఈ బ్యాక్టీరియాను యాంటీబయాటిక్స్‌తో నిర్మూలిస్తే జీర్ణాశయంలోని ఒక రకం లింఫోమా చాలామందిలో తగ్గిపోతుంది. కాని క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరీ పెరుగుతున్నది. ఇంతకంటె విస్తృతమైన ముప్పు మరొకటి ఉన్నది. కీమోథెరపీ తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది. ఆ రోజులలో రోగిని కాపాడేవి యాంటీబయాటిక్స్. అవి పనిచేయకపోతే కణితికి సరిపడే మందు ఉండి కూడా దానిని ఇవ్వలేని స్థితి వస్తుంది.

7. పదం, భావం

పత్తి పొలంలో ఈ శాస్త్రం తెలుగు రైతుకు అనుభవమే. 1987-88లో ఆంధ్రప్రదేశ్ పత్తి చేలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. ఇటువంటప్పుడు మనం ‘పురుగు మందుకు లొంగడం లేదు’ అంటాం. చేను మందుకు అలవాటు పడిందని ఎవరూ అనరు. కర్త పురుగేనని భాషలో స్పష్టంగా ఉన్నది. వ్యాధి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పురుగు స్థానంలో ఉన్న బ్యాక్టీరియా వాక్యం నుండి తప్పుకొంటుంది. చేను స్థానంలో ఉన్న ఒళ్ళు కర్త అవుతుంది. ‘నా ఒంటికి ఈ మందు పనిచేయడం లేదు, ఇంకా పవర్ ఉన్నది కావాలి’ అనే కోరిక అక్కడి నుండే పుడుతుంది. యాంటీబయాటిక్ ఎన్నడూ వాడని వ్యక్తికి కూడా మందుకు లొంగని బ్యాక్టీరియా సోకవచ్చనే సత్యం ఈ వాక్యంలో ఇమడదు.

శాస్త్ర గ్రంథాలలో ‘అసంక్రామ్యత’ అనే పదం శరీర రక్షణ శక్తికి ఉన్నది. దానిని వాడినచోట ‘నిరోధకత’ను మందుకు లొంగనితనానికి ప్రత్యేకించవచ్చు. కాని ప్రజావ్యవహారంలో ‘రోగనిరోధక శక్తి’ బలంగా పాతుకుపోయింది. దానిని కదిలించడం సాధ్యం కాదు. కనుక ప్రజలకు ఉద్దేశించిన రచనలలో ‘మందుకు లొంగని బ్యాక్టీరియా’, ‘మందుకు లొంగని క్యాన్సర్ కణం’ అని కర్తతో సహా చెప్పడం మేలు. పత్రికలు వాడే ‘మొండి బ్యాక్టీరియా’ కర్తను చెబుతుంది గాని మందుతో సంబంధాన్ని చెప్పదు. 2016లో కేంద్ర ప్రభుత్వం మందుల అట్టలపై ఎర్ర గీతను గురించి ప్రచారం చేపట్టింది. వైద్యుని చీటీ లేకుండా ఆ మందు కొనరాదని ఆ గీత చెబుతుంది. ఎందుకు కొనరాదో చెప్పవలసినది భాష.

8. ముగింపు

బ్యాక్టీరియాలోనూ క్యాన్సర్ కణంలోనూ మందుకు లొంగనితనం యాదృచ్ఛిక మార్పుగా పుట్టి, మందు చేసే ఎంపిక వలన పెరుగుతుంది. క్యాన్సర్‌లో అది ఒక రోగికి పరిమితం కాగా, బ్యాక్టీరియాలో జన్యువుల బదిలీ వలన అందరికీ చేరుతుంది. అందువలన అనవసరంగా వాడిన ప్రతి యాంటీబయాటిక్ మరొకరి చికిత్సను, ఆ మరొకరు క్యాన్సర్ రోగి కూడా కావచ్చు, బలహీనపరుస్తుంది. ఈ సంబంధాన్ని విద్యార్థికి, రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పగలగడం శాస్త్రజ్ఞుల బాధ్యత మాత్రమే కాదు. పరిభాషను నిర్మించే, బోధించే, అనువదించే తెలుగు శాఖలకు కూడా అందులో భాగం ఉన్నది. ‘నిరోధకత’ అని రాసిన ప్రతిచోటా ‘ఎవరి నిరోధకత, దేనికి?’ అని ప్రశ్నించుకొని వాక్యాన్ని పూర్తిచేయడం అందుకు తొలి అడుగు.