పొయ్యి కంటే ముందు పంపు



చెరకు రసం కాచి బెల్లం వండటం మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికాలోని వెర్మాంట్‌లోనూ, కెనడాలోని క్విబెక్‌లోనూ రైతులు ఇలాగే ఒక చెట్టు రసాన్ని కాచి పాకం తీస్తారు. ఆ చెట్టు పేరు మేపుల్. చలికాలం చివర, రాత్రి నీరు గడ్డకట్టి పగలు మంచు కరిగే రోజుల్లో, దాని కాండానికి చిన్న రంధ్రం చేస్తే రసం బొట్లు బొట్లుగా కారుతుంది.

అయితే చెరకు రసంలో నూటికి సుమారు 15 పాళ్లు చక్కెర ఉంటే, మేపుల్ రసంలో ఉండేది 2 పాళ్లే. పాకంలో 66 పాళ్లు ఉండాలి. అందుచేత ఒక లీటరు పాకానికి దాదాపు 43 లీటర్ల రసం కావాలి. అంటే 42 లీటర్ల నీటిని ఆవిరి చేయాలన్నమాట! ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చటానికి 2,257 కిలోజౌళ్ల ఉష్ణం ఖర్చవుతుందని మీరు చదువుకున్నారు. ఎన్ని కట్టెలు కాలాలో ఊహించండి. పోనీ, నెమ్మదిగా కాచుకుందామంటే కుదరదు. ఎండ తగిలితే సూక్ష్మజీవులు పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే రసం పాడవుతుంది.

మరి నిప్పు లేకుండా కొంత నీటిని తీసివేయలేమా? తీయవచ్చు. మీ ఇళ్లలో తాగునీటిని శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రమే అందుకు సాధనం.

ఎండు ద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది గదా! పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు, పొరగుండా నీరు తనంతట తాను పోవటమే ద్రవాభిసరణం. ఈ ప్రవాహాన్ని ఆపటానికి చిక్కని వైపున కలిగించవలసిన పీడనాన్ని ద్రవాభిసరణ పీడనం అంటారు. అంతకుమించి పీడనం కలిగిస్తే నీరు వెనుదిరిగి, చిక్కని వైపు నుంచి బయటికి వస్తుంది. చక్కెర మాత్రం పొర దాటలేక అక్కడే ఉండిపోతుంది. ఈ పనికి తగిన పొరను 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి తయారుచేశారు.

పొర ఎంత మంచిదైనా, నీటిని దాని గుండా నెట్టేది పంపే. ఎలాంటి పంపు కావాలి? పంపు ఎంచుకునేవాడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంత పీడనం? గంటకు ఎన్ని లీటర్లు?

మొదట పీడనం సంగతి. డచ్చి శాస్త్రజ్ఞుడు వాంట్ హాఫ్ సూత్రం ప్రకారం లెక్కవేస్తే, 2 డిగ్రీల చల్లదనంలో 2 శాతం చక్కెర రసానికి ద్రవాభిసరణ పీడనం సుమారు 1.3 బార్లు. 4 శాతానికి 2.7, 8 శాతానికి 5.5 బార్లు. మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మామూలు పంపు 20 మీటర్ల ఎత్తుకు తోడిందనుకోండి. 10 మీటర్ల ఎత్తు ఒక బారుతో సమానం కాబట్టి, అది ఇచ్చేది 2 బార్లు. రసం చిక్కబడే కొద్దీ ఆ బలం చాలదు. 6 బార్లు ఇచ్చే పంపు కావాలి. అంటే నీటిని 60 మీటర్లు ఎక్కించగలది!

ఇక పరిమాణం. ఒక కుటుంబానికి రోజుకు 200 లీటర్ల రసం వస్తుందనుకుందాం. అందులో సగం నీటిని 4 గంటల్లో తీసివేయాలి. అంటే గంటకు 25 లీటర్లు. ఇళ్లలో వాడే ఒక రకం పొర మీద ‘రోజుకు 75 గ్యాలన్లు’ అని ఉంటుంది. అది గంటకు 12 లీటర్లకు సమానం. కాని ఆ లెక్క సుమారు 25 డిగ్రీల నీటికి, 4 బార్ల పీడనానికి కట్టినది. మన పంపు ఇచ్చే 6 బార్లలో ద్రవాభిసరణ పీడనం సగటున 2 బార్లు మింగేస్తుంది. మిగిలేవి 4 బార్లు. పైగా మంచులాంటి రసం చిక్కదనం వల్ల ప్రవాహం సగానికి పడిపోతుంది. అందుచేత ఒక్కొక్క పొర ఇచ్చేది 6 లీటర్లే. కాబట్టి నాలుగు పొరలు కావాలి.

పంపు ఈ 25 లీటర్లు ఇస్తే చాలునా? చాలదు. చిక్కబడిన రసం కూడా పొర మీదుగా పారుతూ బయటికి పోవాలి. లేకపోతే చక్కెర అక్కడే పేరుకుని దారి మూసివేస్తుంది. కనుక గంటకు 50 లీటర్లు, 6 బార్లు. ఇదీ మన పంపు కొలత.

ఈ కొలతకు ఇంటి ఆర్.ఓ.లోని డయాఫ్రం పంపు సరిపోతుంది. అందులో ఒక రబ్బరు పొర ముందుకూ వెనక్కూ కదులుతూ రసాన్ని కొద్దికొద్దిగా నెడుతుంది. 8 శాతం చక్కెర దాకా చిక్కబరచాలంటే 15 బార్ల వరకు కావాలి. అప్పుడు రెక్కలు తిరిగే వేన్ పంపు మేలు. పెద్ద తోటలకైతే, మన బోర్లలో దించే మోటారులాగా చక్రాలు ఒకదానిపై ఒకటి పేర్చిన పంపులు వాడతారు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. డయాఫ్రం, వేన్ పంపుల దారి పూర్తిగా మూస్తే పీడనం పెరిగి గొట్టం పగలవచ్చు. అందుకే అదనపు పీడనాన్ని వదిలే వాల్వు తప్పనిసరి. రసం లేకుండా నడిపితే వేన్ పంపు అరిగిపోతుంది. రాత్రి లోపల ద్రవం మిగిలితే గడ్డకట్టి, వ్యాకోచించి పంపును చీల్చేస్తుంది. రసం తగిలే భాగాలు ఆహారానికి పనికివచ్చేవై ఉండాలి.

ఇంత శ్రమ దేనికంటారా? 100 లీటర్ల నీటిని ఆవిరి చేయటానికి సుమారు 63 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన ఉష్ణం కావాలి. 40 వాట్ల పంపు 4 గంటలు నడిస్తే అయ్యే ఖర్చు 0.16 యూనిట్లు! నీటిని ఆవిరిగా మార్చే పని లేకపోవటమే ఈ తేడాకు కారణం.

అయితే పొయ్యి అక్కర్లేదా అంటే, కావాలి. పాకమంత చిక్కనైతే ద్రవాభిసరణ పీడనాన్ని ఈ పంపులు జయించలేవు. పైగా మేపుల్ పాకానికి ఆ రంగు, రుచి వచ్చేది మరగటం వల్లనే.

మీ ఇంట్లోగాని, బడిలోగాని ఆర్.ఓ. యంత్రం ఉంటే ఒక పరీక్ష చేయండి. పది నిమిషాల్లో ఎంత మంచినీరు వస్తుందో జనవరి ఉదయం ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఒకసారి కొలిచి రాసుకోండి. రెండు అంకెలూ ఎందుకు వేరుగా ఉన్నాయో ఇప్పుడు మీరే చెప్పగలరు.