మెడలో పూడికతీత

ఆపరేషన్‌ బల్ల మీద మనిషి మెలకువగానే ఉంటాడు. మెడకు ఎడమపక్క కోత పెట్టారు. కుడి చేతిలో మాత్రం పిల్లలు ఆడుకునే రబ్బరు బొమ్మ, నొక్కితే కీచుమనేది. మెడలోంచి మెదడుకు రక్తం మోసే కెరోటిడ్‌ ధమనికి క్లాంపు వేసి రక్తం ఆపగానే మత్తు డాక్టరు ‘ఏదీ, నొక్కండి’ అంటారు. బొమ్మ అరిచినంతసేపూ మెదడుకు మిగతా దారుల్లో రక్తం అందుతున్నట్టే. చెయ్యి సడలిందా, వెంటనే షంట్‌ గొట్టం అమర్చి రక్తాన్ని పక్కదారి పట్టిస్తారు. అంత ఖరీదైన యంత్రాల నడుమ ఈ బొమ్మకున్న పరపతి చూస్తే ముచ్చటేస్తుంది! అందరూ ఇలాగే చేయరు. పూర్తి మత్తు ఇచ్చి చేసే సర్జన్లూ ఉన్నారు. 2008లో వెలువడిన గాలా అధ్యయనం రెండు పద్ధతుల ఫలితాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదంది.

దవడ కింద ఈ ధమని రెండుగా చీలేచోట కొవ్వు, కాల్షియం పేరుకుంటాయి. అందులోంచి ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే. అందుకని ధమనిని నిలువునా తెరిచి, పూడికను లోపొరతో సహా ఒలిచేసి, మళ్లీ కుట్టేస్తారు. దీన్నే ఎండార్టరెక్టమీ అంటారు. 1953లో హ్యూస్టన్‌లో మైకేల్‌ డిబేకీ ఈ ఆపరేషన్‌ చేసిన బస్సు డ్రైవరు ఆ తర్వాత 19 ఏళ్లు బతికాడు.

ఇంతకీ ఎవరికి మేలు? 1991 నాటి నాసెట్‌ అధ్యయనం గట్టి జవాబే ఇచ్చింది. ధమని 70 శాతం, ఆపైన పూడి, అప్పటికే చిన్న స్ట్రోక్‌తోనో తాత్కాలిక లక్షణాలతోనో హెచ్చరిక అందుకున్నవారిలో, రెండేళ్లలో పూడిక ఉన్న వైపే స్ట్రోక్‌ వచ్చింది మందులు మాత్రమే వాడితే 26 శాతానికి, ఆపరేషన్‌ చేస్తే 9 శాతానికి. ఆరుగురికి కత్తి పెడితే ఒకరికి గండం తప్పినట్టు. ఏ లక్షణమూ లేనివారి లెక్క వేరు. 1995లో వచ్చిన అకాస్‌ అధ్యయనంలో ఐదేళ్ల ముప్పు 11 నుంచి 5 శాతానికి తగ్గింది, అంతే. అదీ కొలెస్ట్రాల్‌ తగ్గించే స్టాటిన్లు ఇంత విరివిగా వాడని రోజుల్లో. హెల్త్‌ చెకప్‌లో పూడిక బయటపడగానే థియేటర్‌కు పరుగెత్తాల్సిన పనిలేదు. ఆపరేషనే స్ట్రోక్‌ తెచ్చే ప్రమాదమూ ఉంది. ‘మీ చేతి మీద నూటికి ఎందరికి అలా అయింది డాక్టరుగారూ?’ అని మొహమాటం లేకుండా అడగాలి.

పరుగెత్తాల్సినవాళ్లే ఇంట్లో కూర్చుంటారు. ఒక కంటికి తెర దిగినట్టు కాసేపు చూపు పోయి వస్తుంది. మాట తడబడి సర్దుకుంటుంది. ‘బీపీ పెరిగినట్టుంది, కాస్త పడుకో’ అంటారు ఇంట్లోవాళ్లు. కానీ ఆపరేషన్‌ బాగా అక్కరకొచ్చేది లక్షణాలు కనిపించిన తొలి రెండు వారాల్లోనే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తెలుగువాళ్లతో సహా ఆసియా వాసుల్లో పూడిక మెడలో కంటే తల లోపలి నాళాల్లోనే ఎక్కువగా కనబడుతుంది. అందుకే మెడ డాప్లర్‌ బాగుందని ఊరుకోకుండా తల లోపలి నాళాల స్కాన్‌ కూడా తీస్తారు. పూడిక అక్కడుంటే ఈ ఆపరేషన్‌ పనికిరాదు. ప్రధానంగా మందులే దిక్కు.